అరచేతిలో ఇమిడిన గణకయంత్రము

కరీంనగరము వెండి తీగ పనికి పేరు గన్నది. అచ్చటి పనివారు వెంట్రుక వలె సన్నని వెండి తీగలను మెలివేసి, వంచి, అతికి, పన్నీరు బుడ్లను, భరిణెలను, పళ్ళెరములను తీర్చుదురు. కొద్ది చోటులో గొప్ప నేర్పును ఇముడ్చుటయే వారి విద్య. అట్టి నేర్పు నేడు మరియొక వస్తువునందును కనబడుచున్నది. అరచేయి యంత పలక. దానిపై సన్నని రాగి గీతలు. ఆ గీతల నడుమ నల్లని చిన్న బిళ్ళలు. చూచుటకు ఆటవస్తువు వలె నుండును గాని, అది సంపూర్ణమైన గణకయంత్రము, అనగా కంప్యూటరు.

కంప్యూటరునకు ముఖ్యముగా కావలసిన అంగములు నాలుగు. లెక్కలు చేయు ప్రాసెసరు, చేయుచున్న పనిని తాత్కాలికముగా గుర్తుంచుకొను మెమరీ, ఆజ్ఞలను శాశ్వతముగా దాచుకొను చోటు, బయటి లోకముతో సంబంధము కల్పించు ద్వారములు. బల్లపై నుండు పెద్ద కంప్యూటరులో ఇవి వేరువేరు భాగములుగా నుండును. ఈ చిన్న యంత్రములో ఇవి యన్నియు ఒకే పలకపై అమరి యుండును. వ్రేలిగోరంత మెమరీ కార్డులో ఆజ్ఞలు దాగి యుండును. సెల్‌ఫోను చార్జరు వంటి 5 వోల్టుల విద్యుత్తు దీనికి చాలును.

ఇట్టి పలకలలో మిక్కిలి ప్రసిద్ధమైనది 'రాస్ప్‌బెర్రీ పై'. దీని పుట్టుకకు కారణము వ్యాపారము కాదు, విద్య. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రము చదువుటకు వచ్చు విద్యార్థుల సంఖ్య తగ్గుచుండుటను ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు గమనించిరి. 1980 దశకములో ఇండ్లలో నుండిన కంప్యూటర్లు మీట నొక్కగానే ఆజ్ఞలు వ్రాయుమని పిల్లలను పిలిచెడివి. తరువాత వచ్చిన యంత్రములు ఆటలాడుటకే గాని విప్పి చూచుటకు వీలు కానివి. ఖరీదైన కంప్యూటరును పిల్లల చేతికిచ్చుటకు తల్లిదండ్రులును జంకిరి. చెడిపోయినను పెద్ద నష్టము కాని చౌక యంత్రమును తయారు చేయవలెనని తలచి, వారు 2009లో ఒక ధర్మసంస్థను నెలకొల్పిరి. 2012 ఫిబ్రవరి 29న మొదటి పలక అమ్మకమునకు వచ్చెను. వెల 35 డాలర్లు. మొదట పదివేల పలకలు మాత్రమే చేయించగా, కొనువారి తాకిడికి అమ్మకపు వెబ్‌సైట్లు నిలిచిపోయెను. 2024 నాటికి ఆరు కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. కంప్యూటర్లకు పండ్ల పేర్లు పెట్టు పాత ఆచారమును బట్టి 'రాస్ప్‌బెర్రీ' యనియు, పైథాన్ అను ఆజ్ఞాభాషను బట్టి 'పై' యనియు దీనికి పేరు వచ్చెను.

ఈ పలక అంచున 40 సూదులు రెండు వరుసలుగా నిలిచి యుండును. దీని విశేషమంతయు అందున్నది. మామూలు కంప్యూటరు అక్షరములను, బొమ్మలను మాత్రమే ఎరుగును. ఈ సూదులకు తగిన పరికరములను తగిలించినచో, ఈ యంత్రము వేడిని, వెలుతురును, నీటిమట్టమును తెలిసికొనగలదు, దీపమును వెలిగింపగలదు, మోటారును నడపగలదు.

కరీంనగరము జిల్లా రైతునకు దీనివలన కలుగు ప్రయోజనమేమి? పూర్వము వ్యవసాయమునకు కరెంటు విడతలు విడతలుగా, తరచుగా రాత్రివేళ వచ్చెడిది. చీకటిలో పొలమునకు పోయి మోటారు వేయబోయిన రైతులు పాముకాటునకును, విద్యుద్ఘాతమునకును గురియగుచుండిరి. అందువలన కరెంటు రాగానే తనంతట తాను మోటారును నడిపించు ఆటో స్టార్టరును బిగించుకొనిరి. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు ఆరంభమయ్యెను. అప్పుడు ఆ స్టార్టరే చిక్కు తెచ్చెను. కరెంటు పోనిచో మోటారు ఆగదు, మడి నిండినను నీరు పారుచునే యుండును, భూగర్భజలము తరిగిపోవును. కనుకనే వానిని తొలగింపుమని ప్రభుత్వము రైతులను కోరెను. ఆ పరికరమునకు చేతులు కలవు గాని కన్నులు లేవు. చూచి నిర్ణయించు శక్తిని చిన్న పలక ఈయగలదు.

వరిమడిలో ఎల్లప్పుడును నీరు నిలువ నవసరము లేదని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ కనుగొన్నది. రంధ్రములు గల గొట్టమును మడిలో పాతి, అందలి నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్లు క్రిందికి దిగిన పిదపనే తిరిగి 5 సెంటీమీటర్ల ఎత్తున నీరు పెట్టవచ్చును. పూతదశలో మాత్రము మడి ఎండరాదు. ఈ గొట్టముపై ధ్వనితరంగములను పంపు పరికరమును అమర్చినచో, తరంగము నీటిని తాకి తిరిగివచ్చును. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. ప్రతిధ్వని 2 మిల్లీసెకన్లలో తిరిగివచ్చినచో, రాకపోకల దూరము 68 సెంటీమీటర్లు. కాబట్టి నీరు 34 సెంటీమీటర్ల దూరమున నున్నది. పలక ఈ లెక్క వేసి, నీరు తగ్గినచో మోటారును నడుపును, నిండినచో ఆపును.

ఐతే పలక సూదినుండి వచ్చునది 3.3 వోల్టుల బలహీనమైన విద్యుత్తు. మూడు ఫేజుల మోటారుది 415 వోల్టులు. ఈ రెండును కలియరాదు. కావున నడుమ రిలే యను పరికరమును ఉంచుదురు. చిన్న విద్యుత్తు ట్రాన్సిస్టరు సాయమున రిలేలోని తీగచుట్టను అయస్కాంతముగా మార్చును. అది స్టార్టరు మీట పనిని చేయును. రైతు వ్రేలితో నొక్కు పచ్చ మీటకు బదులు ఒక రిలే, ఎఱ్ఱ మీటకు బదులు మరియొక రిలే. ఈ భాగమును తెలిసిన ఎలక్ట్రీషియను మాత్రమే బిగింపవలెను. విద్యార్థులు ఇంటియొద్ద మోటారునకు మారుగా చిన్న బల్బుతో ఈ ప్రయోగమును చేయవచ్చును.

ఈ యంత్రమునకు లోపములును కలవు. కార్డుపై వ్రాయుచుండగా కరెంటు హఠాత్తుగా పోయినచో అందలి సమాచారము చెడవచ్చును. కావున బ్యాటరీ ఆధారము మేలు. నీటిని కొలుచుట యను ఒక్క పనికే యైనచో ఇంత శక్తిగల పలక అక్కరలేదు. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో వంటి చిన్న పలక చాలును. ఛాయాచిత్రములు తీయుట, దినదినపు లెక్కలు భద్రపరచుట, దూరమునకు వార్త పంపుట కూడ కావలసినప్పుడు పెద్దది తగును. పనికి తగిన పనిముట్టును ఎంచుకొనుటయే నేర్పు.

ఈ విద్య మన రాష్ట్రమునకును వచ్చినది. మొయినాబాదులోని సాంఘిక సంక్షేమ గురుకుల కోడింగ్ అకాడమీ పాఠ్యప్రణాళికకు రాస్ప్‌బెర్రీ పై సంస్థ తోడ్పడినది. అయినను పలక తనంతట తాను ఏమియు తెలిసికొనదు. నీరు ఎంత దిగినప్పుడు పెట్టవలెనో, పూతదశలో ఏల ఆపరాదో దానికి చెప్పవలసినది మనుష్యుడే. ఆ మాట చెప్పగలవాడు పొలమును ఎరిగిన వాడై యుండవలెను. ఆజ్ఞను వ్రాయగలవాడు గణితమును ఎరిగిన వాడై యుండవలెను. రైతుబిడ్డ ఈ రెండింటిని నేర్చినచో, బావిలోని నీరు రాబోవు తరమునకును మిగులును.