స్వల్పదూర జెట్ విమానము: బోయింగ్ 737-200

విమానమనగానే చాలమందికి మేఘములపైన దాని వేగమే జ్ఞప్తికి వచ్చును. కాని హైదరాబాదు, విశాఖపట్నము, మద్రాసు వంటి నగరముల నడుమ తిరుగు విమానమునకు కఠిన పరీక్ష రన్‌వేపైననే జరుగును. సముద్రములు దాటు విమానము దినమునకు ఒకటి రెండు మారులు మాత్రమే నేల విడుచును. స్వల్పదూర విమానము అదే పనిని అనేక పర్యాయములు చేయవలెను. అదియు చిన్న విమానాశ్రయములలో, మండుటెండలలో చేయవలెను.

ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థ 1964లో ఫ్రాన్సు దేశపు కారవెల్ విమానములతో స్వదేశ మార్గములలో జెట్ ప్రయాణమును ప్రారంభించెను. 1970-71 ప్రాంతమున బోయింగ్ 737-200 విమానములు వచ్చి చేరినవి. హైదరాబాదు బేగంపేటలో ఇవి చాలకాలము రాకపోకలు సాగించినవి. 1967 ఆగస్టులో మొదటిసారి ఎగిరిన ఈ విమానము పొడవు 30.5 మీటర్లు, రెక్కల కొనల మధ్య దూరము 28.4 మీటర్లు. ప్రయాణికులు సుమారు 120 మంది. నిండు బరువు సుమారు 52 టన్నులు.

ఇంత బరువును మోయునది రెక్క. రెక్కను పైకెత్తు బలమునకు ఉత్థాపన బలమని పేరు. ఇది గాలి సాంద్రతకు, రెక్క వైశాల్యమునకు, వేగముయొక్క వర్గమునకు అనులోమానుపాతములో ఉండును. వేగము సగమైనచో బలము నాలుగవ వంతగును. ఇక్కడనే చిక్కు కలదు. ధ్వనివేగమునకు చేరువగా ఎగురుటకు రెక్కను వెనుకకు వాల్చుట మంచిది. కాని వాలు పెరిగినకొలది తక్కువ వేగమున ఉత్థాపన బలము తగ్గును. దూరప్రయాణపు బోయింగ్ 707 రెక్కవాలు 35 డిగ్రీలు. 737 రెక్కకు 25 డిగ్రీలు మాత్రమే ఇచ్చిరి. కొంత వేగమును వదలుకొని, నేల విడుచుటలోను దిగుటలోను సౌకర్యమును సంపాదించిరన్నమాట.

అదియు చాలలేదు. కొల్లేటిలో దిగు గూడబాతును గమనించినవారికి ఒక సంగతి తెలియును: నీటిని సమీపించగానే అది రెక్కలను వెడల్పుగా విప్పి, క్రిందికి వంచును. 737 రెక్క వెనుక అంచున మూడు వరుసల పలకలు ఇట్లే బయటికి జరిగి, వంగును. వీనిని ఫ్లాపులందురు. వైశాల్యము, వంపు రెండును పెరుగుటచే తక్కువ వేగముననే విమానము నిలువగలుగును. పలకల నడుమ సందులగుండ వచ్చు గాలి, రెక్కపై ప్రవాహము విడిపోకుండ కాపాడును.

రెక్కల క్రింద రెండు ఇంజనులు నేలకు చేరువగా ఉండును. ఒక్కొక్కటి సుమారు 6,500 కిలోగ్రాముల త్రోపుడు బలము ఇచ్చును. పొడవాటి నిచ్చెనలు లేని చిన్న విమానాశ్రయములలో మరమ్మతునకు ఈ అమరిక ఎంతో అనుకూలము. అయితే తరువాతి కాలపు లావైన ఇంజనులను అక్కడ ఇముడ్చుట కష్టమైనది. 1984లో సేవకు వచ్చిన 737-300కు ఇంజను తొడుగు అడుగుభాగమును చదును చేయవలసివచ్చెను.

ఇక ఎండ విషయము. గాలి సాంద్రత పీడనమునకు అనులోమముగను, పరమ ఉష్ణోగ్రతకు విలోమముగను ఉండును. సముద్రమట్టమున, 15 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సాంద్రతను 100 అనుకొందము. 40 డిగ్రీల వద్ద అది 288/313 నిష్పత్తిలో తగ్గి 92 అగును. సముద్రమట్టమునకు 531 మీటర్ల ఎత్తున నున్న బేగంపేటలో పీడనము సుమారు 94 శాతమే. కనుక సాంద్రత 86కు దిగును. అంతే బరువు లేచుటకు వేగముయొక్క వర్గము 16 శాతము పెరుగవలెను. త్వరణము మారదనుకొన్నను, పరుగు దూరము కూడ అంతే పెరుగును. 2,000 మీటర్లు చాలినచోట 2,320 మీటర్లు కావలెను. వేడిగాలిలో ఇంజను బలము కూడ తగ్గును గనుక నిజమైన అవసరము ఇంకను ఎక్కువ.

అట్టి దినమున రెండే మార్గములు: బరువు తగ్గించుట, లేదా రన్‌వే పొడిగించుట. మొదటిదానివలన ప్రయాణికులకు, సరకులకు చోటు తగ్గును. రెండవదానికి భూమి కావలెను. బంటుమిల్లి, గుడివాడ ప్రాంతములవారికి దగ్గరి విమానాశ్రయమైన గన్నవరములో, పెద్ద విమానములకొరకు 2021లో 3,360 మీటర్ల రన్‌వే వాడుకలోనికి వచ్చెను. ఆ విస్తరణకు రైతుల పొలములు సేకరించవలసివచ్చెను. రెక్క ఎంత తక్కువ వేగమున బరువు మోయగలిగితే, నేల అంత తక్కువగా కావలెను.

గన్నవరము సముద్రమట్టమునకు పాతిక మీటర్ల ఎత్తుననే ఉన్నది. 40 డిగ్రీల ఎండలో అక్కడ ఎంత అదనపు పరుగు కావలెనో విద్యార్థులు పై పద్ధతిని లెక్కించవచ్చును. సుమారు 9 శాతమని వచ్చినచో లెక్క సరియైనదే.