మన తిండి మీద ప్రభుత్వానికి ఎంత హక్కు?

సాయంత్రం పూట హైదరాబాద్‌లో ఏ ఇరానీ కేఫ్‌లోనో కూర్చుని, చాయ్‌తో పాటు ఒక ఎగ్ పఫ్ తెప్పించుకున్నారనుకోండి. అయిదారేళ్ల క్రితం తిన్న పఫ్‌కీ దీనికీ నాలుకకు తేడా తెలుస్తుందా? పొరలు అలాగే రాలుతున్నాయి, చొక్కా మీద పొడి అలాగే పడుతోంది. కానీ నిబంధన సరిగా అమలైన బేకరీలో ఆ పఫ్‌లోని కొవ్వు మారిపోయింది. 2022 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే నూనెల్లో, వనస్పతిలో, వాటితో చేసే ఆహారాల్లో ఉండే కొవ్వులో పారిశ్రామిక ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదు. ఒక పదార్థాన్ని ప్రభుత్వం మన పళ్లెంలోంచి దాదాపుగా తీసేసింది. ‘నా తిండి నా ఇష్టం’ అని ఎవరూ వీధిలోకి రాలేదు.

ఎందుకు రాలేదన్నది ఆలోచించదగ్గ ప్రశ్న. ముందు ఆ కొవ్వు కథ చూద్దాం. వంటనూనెలోకి నికెల్ ఉత్ప్రేరకం సాయంతో హైడ్రోజన్‌ను పంపితే అది నెయ్యిలా గడ్డకడుతుంది. మన ఇళ్లలో ‘డాల్డా’ అని పిలుచుకున్న వనస్పతి అలా తయారైనదే. చవక, త్వరగా చెడిపోదు, స్వీట్లకూ బేకరీకీ బాగా కుదురుతుంది. అయితే ఈ ప్రక్రియ సగంలో ఆగినప్పుడు కొన్ని కొవ్వు ఆమ్లాల అణువుల ఆకారం మారిపోతుంది. సహజంగా వంపు తిరిగి ఉండాల్సిన గొలుసు నిటారుగా సాగుతుంది. అదే ట్రాన్స్ ఫ్యాట్. ఇది రక్తంలో చెడు కొలెస్టరాల్‌ను పెంచుతుంది, మంచి కొలెస్టరాల్‌ను తగ్గిస్తుంది. గుండెకు రెండు వైపులా దెబ్బ. 2009లో ఢిల్లీకి చెందిన సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పరీక్షించినప్పుడు, పేరున్న వనస్పతి బ్రాండ్లలో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం పరిమితికి 5 నుంచి 12 రెట్లు ఉన్నట్టు తేలింది. ఆ 2 శాతం గీతను డెన్మార్క్ 2003లోనే గీసుకుంది. మనం 10 శాతంతో మొదలుపెట్టి 5కి, 3కి, చివరికి 2కి దిగాం.

ఇక్కడ జనం వదులుకున్న వంటకం ఒక్కటీ లేదు. ట్రాన్స్ ఫ్యాట్ కావాలని కోరి కొనుక్కున్నవారూ లేరు. ఎంపిక చేసింది తయారీదారు. తిన్నది మనం. కాబట్టి ఆంక్ష పడింది మన ఇష్టం మీద కాదు, ఆయన సౌకర్యం మీద. తిండిపై ఆంక్షల గురించి వాదించుకునేటప్పుడు ఈ తేడాను మనం తరచూ మరిచిపోతాం.

న్యూయార్క్ నగరం దీనికి మంచి ఉదాహరణ. మైకేల్ బ్లూమ్‌బర్గ్ మేయర్‌గా ఉండగా 2006లో ఆ నగరం హోటళ్లలో ట్రాన్స్ ఫ్యాట్‌ను నియంత్రించింది. కొంత గొణుగుడు వినిపించినా నిబంధన నిలిచింది. 2012లో అదే యంత్రాంగం 470 మిల్లీలీటర్లకు మించిన గ్లాసుల్లో తీపి పానీయాలు అమ్మకూడదంది. జనం భగ్గుమన్నారు, అమల్లోకి రావడానికి ఒక రోజు ముందు కోర్టు ఆపేసింది, 2014లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కూడా కొట్టేసింది. మొదటిది వంటగదిలో జరిగిన మార్పు, రెండోది చేతిలోని గ్లాసు లాక్కున్నట్టు అనిపించిన మార్పు.

స్వేచ్ఛ వాదాన్ని మన దేశం నిజంగానే ఒకసారి పరీక్షించి చూసింది, అదీ ఉప్పు విషయంలో. అయోడిన్ లోపిస్తే గొంతు వాపు వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, గర్భంలోని శిశువు మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అందుకే 1998లో అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మకూడదని కేంద్రం నిషేధించింది. చిన్న ఉప్పు తయారీదారులు నష్టపోతామన్నారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన దేశంలో ఉప్పు మీద ఆంక్షలేమిటని మరికొందరు అడిగారు. ఇది తేలిగ్గా తోసిపుచ్చగల మాట కాదు. ప్రజారోగ్య విషయాలను జనం విజ్ఞతకే వదలాలంటూ 2000లో కేంద్రం నిషేధాన్ని ఎత్తేసింది. తగినంత అయోడిన్ ఉన్న ఉప్పు వాడే ఇళ్లు 1998-99లో 49 శాతం ఉండగా, రెండు వేల తొలి ఏళ్లలో జరిగిన సర్వేలో 30 శాతానికి పడిపోయాయి. కొన్ని రాష్ట్రాలు తమ సొంత నిషేధాన్ని కొనసాగించినా ఇదీ పరిస్థితి. 2006లో నిషేధం తిరిగి వచ్చింది. 2018-19 నాటికి అలాంటి ఇళ్లు 76 శాతానికి చేరాయి. నిషేధం ఒక్కటే ఈ పని చేసిందనలేం, ప్రచారం కూడా తోడైంది. కానీ అయోడిన్ వద్దని ఆలోచించి నిర్ణయించుకుని ఎవరూ వదల్లేదు. కొట్లో ఏది దొరికితే అదే కొన్నారు, అంతే.

చక్కెర దగ్గరికొస్తే వ్యవహారం ఇంత సులువు కాదు. మనం చక్కెరను ఇష్టపడే తింటాం. మామూలు కోలా అర లీటరు సీసాలో 50 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. రోజుకు 2000 కేలరీలు తినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గరిష్ఠ పరిమితి అంతే. మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు ఐసీఎంఆర్ సహకారంతో జరిగిన అధ్యయనం 2023లో చెప్పింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు దేశంలో వ్యాధుల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే మూలమన్నాయి. కాబట్టి చేతులు కట్టుకు కూర్చోలేం. మరి ఏం చేయాలి?

పన్ను వేయొచ్చు, కానీ ఎలా వేస్తున్నామన్నది ముఖ్యం. డెన్మార్క్ 2011లో సంతృప్త కొవ్వుపై పన్ను వేస్తే, జనం సరిహద్దు దాటి జర్మనీలో వెన్న కొనుక్కొచ్చారు. 2013 వచ్చేసరికి ఆ పన్ను పోయింది. కేరళ 2016లో బ్రాండెడ్ రెస్టారెంట్లలో బర్గర్లు, పిజ్జాల మీద 14.5 శాతం పన్ను వేసింది. అరటికాయ చిప్స్, పరోటాల జోలికి పోలేదు. మరుసటి ఏడు జీఎస్టీ వచ్చి అదీ ముగిసింది. బ్రిటన్ తెలివిగా చేసింది. 100 మిల్లీలీటర్లలో 5 గ్రాములకు మించి చక్కెర ఉంటే పన్ను, 8 గ్రాములు దాటితే ఇంకా ఎక్కువ అని 2016లో ప్రకటించి, 2018 వరకు గడువిచ్చింది. ఆ రెండేళ్లలో చాలా కంపెనీలు తమంతట తామే చక్కెర తగ్గించుకున్నాయి. పఫ్ కథే మళ్లీ!

మన పన్నుకు ఈ చూపు లేదు. కూల్ డ్రింకులపై జీఎస్టీ 40 శాతం. చక్కెర ఉన్నా, లేకున్నా అంతే. అలాంటప్పుడు చక్కెర తగ్గించడానికి కంపెనీకి ఏం ప్రోత్సాహం? 2025 సెప్టెంబరు మార్పుల్లో బిస్కెట్లు, చాక్లెట్లు, ఇన్‌స్టంట్ నూడుల్స్, నమ్‌కీన్‌లను ఏకంగా 5 శాతం శ్లాబులోకి తెచ్చారు. వాటిలోని ఉప్పు, చక్కెర, కొవ్వు ఎంతని ఆ శ్లాబు అడగదు.

లేబుల్ సంగతీ ఉంది. చిలీ 2016 నుంచి ప్యాకెట్ ముందువైపు నల్లటి అష్టభుజి గుర్తులు వేయిస్తోంది. మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో ముసాయిదాగా పెట్టింది నక్షత్రాల రేటింగ్‌ను. హెచ్చరించాల్సిన చోట నక్షత్రాలు ఇవ్వడం నాకు వింతగా తోస్తుంది. అయితే చిలీ పద్ధతిని కళ్లు మూసుకుని తెచ్చుకోలేం. 100 గ్రాముల లెక్కన చూస్తే ఆవకాయ జాడీకి నల్ల గుర్తు ఖాయం. కానీ మనం ఆవకాయను చెంచాడు నంజుకుంటాం, చిప్స్ ప్యాకెట్‌ను మాత్రం ఖాళీ చేసిగానీ వదలం. ఈ చిక్కుముడి విప్పడం పోషకాహార నిపుణుల పని. అది తేలేదాకా మన చేతిలో మిగిలింది ప్యాకెట్ వెనక చీమల బారులాంటి అక్షరాలే.

మరి ట్రాన్స్ ఫ్యాట్ నిబంధన అన్నిచోట్లా గెలిచిందా? లేదు. వనస్పతి స్థానంలో చాలాచోట్ల పామాయిల్ చేరింది. దానిలో దాదాపు సగం సంతృప్త కొవ్వే. బజ్జీల బండి మీద పొద్దుటి నుంచి మరుగుతున్న నూనెలో పేరుకునే పోలార్ సమ్మేళనాలు 25 శాతం మించకూడదని 2018 నుంచి నియమం ఉంది. రోజూ నూనె మార్చే స్తోమత బండివాడికి లేదు. ఆయన మీద జరిమానా వేయడం కంటే, వాడిన నూనెను బయోడీజిల్ కోసం డబ్బిచ్చి తీసుకెళ్లే ఏర్పాటును ఆ వీధి దాకా తేవడం మేలు.

పెద్దల విషయంలో ఎంత వాదించుకున్నా, పిల్లల దగ్గర ‘స్వేచ్ఛాయుత ఎంపిక’ అన్న మాట నిలవదు. కార్టూన్ బొమ్మ చూసి ప్యాకెట్ పట్టుకునే ఆరేళ్ల పిల్లకు సోడియం లెక్క ఏం తెలుస్తుంది? అందుకే బడి ఆవరణలోనూ, చుట్టూ 50 మీటర్ల లోపలా కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని 2020లో నిబంధనలు వచ్చాయి. మీ ఇంటి దగ్గర బడి వదిలే వేళకు ఒకసారి గేటు దాకా వెళ్లి చూడండి. చిప్స్ దండలు వేలాడే కొట్టుకీ గేటుకీ మధ్య ఎన్ని అడుగులో లెక్కపెట్టండి.