వార్తల్లో పదం: షాట్ హోల్ బోరర్

కోయంబత్తూరు తెలుగువారికి దగ్గరి కొండలైన వాల్పారై తేయాకు తోటలకు షాట్ హోల్ బోరర్ పాత శత్రువే. రెండు మిల్లీమీటర్ల ఈ పెంకు పురుగు చెక్కను తినదు. కొమ్మను తొలిచి, తాను మోసుకొచ్చిన ఫ్యుసేరియం బూజును సొరంగం గోడల మీద పెంచి, ఆ బూజునే తింటుంది. పుట్టిన సొరంగంలోనే అన్నదమ్ములతో జతకట్టి ఆడపురుగు బయటికొస్తుంది కనుక, పరాయి దేశంలో సంతతి మొదలవడానికి అదొక్కటి చాలు. కాలిఫోర్నియాలో 2003లో, ఇజ్రాయెల్ అవకాడో తోటల్లో 2009లో, పెర్త్‌లో 2021లో బయటపడింది ఇలాంటిదే. అది తేయాకు పురుగేననుకోవడం సహజం. కంటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి.

డీఎన్‌ఏ మాత్రం ఇవి వేర్వేరు జాతులని చెప్పింది. 2018లో పేర్లు విడగొట్టినప్పుడు, 1868లో కీటక శాస్త్రవేత్త ఐక్‌హాఫ్ పెట్టిన ఫోర్నికేటస్ అనే పేరు తేయాకు పురుగుకు దక్కింది. ఆ పేరుకు ఆధారమైన, పోయిందనుకున్న మూల నమూనా దొరికాక, 2019లో అది తారుమారైంది: ఫోర్నికేటస్ అంటే కాలిఫోర్నియాలో మొదట దొరికిన పురుగు, తేయాకుది పెర్‌బ్రెవిస్. డీఎన్‌ఏ ఉండగా పాత నమూనా ఎందుకంటారా? డీఎన్‌ఏ గుంపులను విడదీస్తుంది గానీ, పాత పేరు ఏ గుంపుదో చెప్పదు. చెట్టు ఎండిపోతుంటే పేరు గొడవ ఎందుకన్న ప్రశ్న ఇంకా బలమైనది. కానీ జాతి తెలియనిదే దాని సొంత ప్రాంతం తెలియదు, సహజ శత్రువులను ఎక్కడ వెతకాలో తెలియదు. అందుకే ఫోర్నికేటస్ పేరుతో మన కొండల్లో రాసిపెట్టిన పాత నమోదులను దాచిన నమూనాలతో మళ్లీ సరిచూడాలి.