సెయిల్ బోట్‌లో ఎన్ని బెడ్‌రూమ్‌లు కాదు.. నిద్ర ఎక్కడ పడుతుందో చూడండి! కొనేముందు తెలియాల్సిన అసలు లెక్క ఇదే

బోట్ షోలో తెరచాప పడవ ఎక్కితే మొదట ఆకట్టుకునేది లోపలి గదులే. మూడు బెడ్‌రూమ్‌లు, విశాలమైన హాల్, పెద్ద సోఫా, మెరిసిపోయే కిచెన్. ఫ్లాట్ చూసినట్టే ఉంటుంది. కానీ ఫ్లాట్ ఒరగదు.. సెయిల్ బోట్ ఒరుగుతుంది! గాలికి ఎదురు కోణంలో వెళ్లేటప్పుడు 20 డిగ్రీలు పక్కకి వాలడం మామూలే. అదీ గంటల తరబడి. అప్పుడు ఆ విశాలమైన హాలే ప్రమాదం. పట్టుకోవడానికి ఏమీ దొరక్క ఒక గోడ నుంచి ఇంకో గోడకి జారిపోతారు. పక్కటెముకలు విరగడానికి తుఫానే రానక్కర్లేదు.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు అడిగే ప్రశ్న ఒక్కటే.. మీరు ఎక్కువగా ప్రయాణంలో ఉంటారా, లంగరు వేసుకుని ఉంటారా?

వీకెండ్‌కి నాలుగు గంటలు తిరిగి, సాయంత్రానికి ఏదో ఒక తీరంలో ఆగేవాళ్లకి ఒక రకం బోట్ సరిపోతుంది. రోజుల తరబడి ఒడ్డు కనిపించని ప్రయాణాలు చేసేవాళ్లకి అది అస్సలు పనికిరాదు. (హుస్సేన్ సాగర్‌లో పోటీలకి దిగే లేజర్ లాంటి చిన్న బోట్లకి ఈ గొడవే లేదు, వాటికి లోపల గదే ఉండదు.)

ముందు బెడ్ ఎందుకు మోసం చేస్తుంది?

చాలా బోట్లలో పెద్ద డబుల్ బెడ్ ముందు కొనలో, అంటే మన మత్స్యకారులు అణియం అనే చోట ఉంటుంది. లంగరు వేసినప్పుడు అది స్వర్గమే. పైన హ్యాచ్ తెరిస్తే గాలి నేరుగా మీదకి వస్తుంది. అదే నడిసముద్రంలో.. అల ఎక్కిన ప్రతిసారీ ఆ బెడ్ పైకి లేచి ధన్‌మని కింద పడుతుంది. మనిషి కూడా గాల్లోకి లేస్తాడు. నిద్ర సంగతి మర్చిపోవాల్సిందే.

బోట్‌లో ఊపు తక్కువగా ఉండేది మధ్య భాగంలో. కాబట్టి దూర ప్రయాణాలకి అక్కడ ఇరుకైన, పొడవైన సింగిల్ బెడ్లు కావాలి. ఇరుకు అనేది ఇక్కడ లోపం కాదు, ప్లస్ పాయింట్! ఒళ్లు అటూ ఇటూ దొర్లదు. పక్కన లీ క్లాత్ అనే గుడ్డ అడ్డం కడితే కింద పడే భయం లేదు. హాల్‌లో సోఫాలు గుండ్రంగా వంపు తిరిగి ఉంటే ఫొటోల్లో బాగుంటాయి కానీ వాటి మీద ఎవరూ పడుకోలేరు. సోఫా తిన్నగా, మనిషి పొడవుకి తగ్గట్టు ఉండాలి.

దీన్ని సుఖం సంగతి అని కొట్టిపారేయడానికి లేదు. ఇద్దరే ఉన్న బోట్‌లో ఒకరు డ్యూటీలో ఉంటే ఇంకొకరు పడుకోవాలి. రెండో మనిషికి మూడు రాత్రులు నిద్ర లేకపోతే నాలుగో రాత్రి ఎదురుగా వచ్చే ఓడని గమనించేది ఎవరు?

నేవీ బోట్ తారిణినే చూడండి. 56 అడుగుల ఈ బోట్‌లో 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి బయల్దేరిన ఆరుగురు మహిళా అధికారులు ప్రపంచాన్ని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. ఆ టీమ్‌లో వైజాగ్‌కి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కి చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. ఇదే బోట్ 2024 అక్టోబర్‌లో మళ్లీ బయల్దేరింది. ఈసారి లోపల ఉన్నది ఇద్దరే.. దిల్నా, రూప. బోట్ మారలేదు, వాడే తీరు పూర్తిగా మారిపోయింది.

ఇక సైజు గురించి. అభిలాష్ టామీ 2022-23 గోల్డెన్ గ్లోబ్ రేస్‌లో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టి రెండో స్థానంలో నిలిచింది 36 అడుగుల రస్ట్లర్‌లో. ఒక్క మనిషికి మంచి బెడ్ ఒక్కటి చాలు!

స్టీరింగ్ వెనకా? మధ్యలోనా?

కాక్‌పిట్ వెనక, అంటే అమరం వైపు ఉంటే నీళ్లకి దగ్గరగా కూర్చుంటారు. తాళ్లు చేతికందుతాయి, ఈతకి దిగడం తేలిక. బోట్ నడపడంలో మజా కావాలంటే ఇదే బెస్ట్. కాక్‌పిట్ మధ్యలో ఉంటే అలల తుంపర తక్కువ, వెనక భాగంలో ఓనర్‌కి పెద్ద బెడ్‌రూమ్ దొరుకుతుంది. కాకపోతే ఎత్తులో కూర్చోవాలి కాబట్టి ఊపు ఎక్కువ తెలుస్తుంది. స్వీడన్ కంపెనీ హాల్‌బర్గ్ రాస్సీ, ఫ్రాన్స్ కంపెనీ అమెల్ మధ్య కాక్‌పిట్ బోట్లతోనే పేరు తెచ్చుకున్నాయి.

మూడో గది ఖరీదు

ఒకే మోడల్‌ని చాలా కంపెనీలు రెండు గదులతో, మూడు గదులతో అమ్ముతాయి. మూడు గదుల వెర్షన్ ఎక్కువగా అద్దెకి తిప్పేవాళ్ల కోసం. ఆ మూడో గది ఎక్కడి నుంచి వస్తుంది? సాధారణంగా కాక్‌పిట్ కింద ఉండాల్సిన పెద్ద స్టోరేజ్ లాకర్‌ని మింగేసి! స్పేర్ తెరచాపలు, తాళ్లు, రబ్బరు పడవ.. అన్నీ చివరికి ఆ గదిలోనే పడేస్తారు. ఏడాదికి రెండుసార్లు వచ్చే చుట్టాల కోసం మూడో గది కొనడం దండగ.

కిచెన్ విషయానికొస్తే గోడ పొడవునా ఉండేది ఆగి ఉన్నప్పుడు హాయి. ప్రయాణంలో మాత్రం వేడి గిన్నె పట్టుకున్న మనిషికి వెనక ఆనుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. యు ఆకారం కిచెన్‌లో నడుం ఆనించి నిలబడొచ్చు. బోట్ ఎంత వాలినా తిన్నగా ఉండేలా ఊగే స్టవ్ తప్పనిసరి. టాయిలెట్ మెట్లకి దగ్గరగా ఉంటే తడిసిన బట్టలతో ఇల్లంతా తొక్కక్కర్లేదు. నీళ్ల ట్యాంక్ లెక్క కూడా వేసుకోవాలి.. ఇద్దరు తలా 10 లీటర్లు వాడితే 20 రోజులకి 400 లీటర్లు.

ఒరగడమే పడదంటే కటమరాన్ ఉంది. రెండు పొట్టల బోట్ కాబట్టి పెద్దగా వాలదు, చోటూ ఎక్కువే. కానీ ధర, మెరీనాలో పార్కింగ్ ఫీజు బాగా పెరుగుతాయి. సామాను ఎక్కువ నింపితే వేగం పడిపోతుంది.

కొనేముందు చేయాల్సిన పని సింపుల్. ప్రతి బెడ్ మీదా కాళ్లు చాపి పడుకుని చూడాలి. కిచెన్ నుంచి టాయిలెట్ దాకా చేయి వదలకుండా ఏదో ఒకటి పట్టుకుని నడవగలరా అని చెక్ చేయాలి. వీలైతే అదే మోడల్‌ని ఓ వారం అద్దెకి తీసుకోవాలి. ఆ వారంలో కనీసం ఒక రాత్రి లంగరు వేయకుండా తెల్లారేదాకా నడపాలి.