తాడు కాదు, తలుపు చూడాలె

మా మోర్తాడ్‌లో లిఫ్టు మాట వస్తే పెద్దోళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "తాడు తెగితే ఎట్ల బిడ్డా?" దవాఖాన పని మీద నిజామాబాద్‌కో హైదరాబాద్‌కో పోయినప్పుడు తప్ప వాళ్లకు లిఫ్టుతో పని పడదు. మా నాయనమ్మయితే మోకాళ్ల నొప్పులున్నా మూడంతస్తులు మెట్లే ఎక్కుతది. హాస్టల్‌లో మన ఫ్రెండ్స్ భయం కూడా ఇదే. కానీ తాడు సంగతి నూట డెబ్బై ఏళ్ల కిందే తేలిపోయింది. మనం జాగ్రత్త పడాల్సిన చోటు వేరే ఉంది.

ముందు లిఫ్టు ఎట్ల నడుస్తదో చూద్దాం. పాత బావుల దగ్గర ఏతం గుర్తుందా? ఒక కొసన బొక్కెన, రెండో కొసన బరువు. లిఫ్టుదీ అదే లెక్క. ఉక్కు తాళ్లకు ఒక పక్క మనం ఎక్కే డబ్బా, ఇంకో పక్క ఇనుప దిమ్మెలు, మధ్యలో మోటారు తిప్పే గిరక. ఎనిమిది మంది లిఫ్టు అంటే మనిషికి 68 కిలోల చొప్పున 544 కిలోలు. ఖాళీ డబ్బా బరువుకు ఇందులో దాదాపు సగం కలిపి దిమ్మెలు పెడతారు. అంటే నలుగురు ఎక్కితే రెండు పక్కలా సరిసమానం. ఒక్కరే ఉన్నప్పుడు బ్రేకు వదిలేస్తే ఆ లిఫ్టు కిందికి పడదు, పైకి పోతది!

ఇక తాళ్లు. మామూలుగా ఒకటి కాదు, మూడు నాలుగు ఉంటాయి. మోయాల్సిన బరువుకు పది రెట్ల పైనే తట్టుకునేలా వేస్తారు. కరెంటు పోతే ఏమవుతది? ఏమీ కాదు. లిఫ్టు బ్రేకును పట్టి ఉంచేది స్ప్రింగు, కరెంటు చేసే పని ఆ పట్టు విడిపించడమే. కరెంటు పోయిన క్షణంలో బ్రేకు దానంతటదే బిగుసుకుంటది.

సరే, తాళ్లన్నీ ఒక్కసారే తెగాయనుకుందాం. పైన గవర్నర్ అనే ఇంకో చక్రం ఉంటది. దాని మీది సన్న తాడు డబ్బాకు కట్టి ఉంటది కాబట్టి, డబ్బా ఎంత వేగంతో కదిలితే చక్రం అంత వేగంతో తిరుగుతది. వేగం హద్దు దాటితే చక్రంలోని చిన్న బరువులు అపకేంద్ర బలానికి బయటికి విచ్చుకుంటాయి. మోటారుకు కరెంటు కట్ అవుతది, గవర్నర్ తాడు ఆగిపోతది. డబ్బా ఇంకా కిందికి జారుతుంటే ఆగిన తాడు ఒక మీటను లాగుతది. డబ్బా కింద ఉన్న ఉక్కు చీలికలు రెండు పక్కల పట్టాలను కరిచి పట్టుకుంటాయి. ఇందులో కంప్యూటరు లేదు, కరెంటు అవసరం లేదు. అడుగున బఫర్లు ఎట్లాగూ ఉంటాయి.

ఈ ఆలోచనకు మూలపురుషుడు ఎలీషా ఓటిస్. 1854లో న్యూయార్క్ ప్రదర్శనలో తాను నిలబడ్డ వేదిక తాడును జనం ముందే నరికించాడు. వేదిక కొంచెం జారి ఆగిపోయింది. మూడేళ్లకే అదే ఊళ్లో ఒక దుకాణంలో మనుషులెక్కే లిఫ్టు మొదలైంది. ఈరోజు మా ఊరి గల్ఫ్ అన్నలు చూసి వచ్చే బుర్జ్ ఖలీఫాలోనూ ఆ కంపెనీ లిఫ్టులే.

మరి ప్రమాదాలు ఎక్కడ జరుగుతున్నాయి? 2025 మార్చిలో, మనకు దగ్గర్లోని సిరిసిల్లలో ఒక పోలీసు అధికారి మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకుంటే అడుగు వేశారు. అక్కడ లిఫ్టు లేదు. ఆయన ప్రాణం పోయింది. అంతకు నెల ముందే హైదరాబాద్‌లో ఆరేళ్ల బాబు లిఫ్టుకూ గోడకూ మధ్య ఇరుక్కుని చనిపోయాడు. రెండు చోట్లా తాడు తెగలేదు.

తలుపుకు రక్షణ లేదా అంటే ఉంది. డబ్బా ఆ అంతస్తుకు వస్తేనే బయటి తలుపు కొక్కెం విడవాలి. ప్రతి అంతస్తు తలుపుకూ ఒక కరెంటు కాంటాక్టు ఉంటది, అన్నీ సీరీస్‌లో. ఫస్టియర్‌లో చదివిందే: ఒక్కటి తెరుచుకున్నా సర్క్యూట్ మొత్తం ఆగాలి, లిఫ్టు కదలొద్దు. కానీ కొక్కెం అరిగిపోవచ్చు. "లిఫ్టు మాటిమాటికీ ఆగుతోంది" అని ఎవరో కాంటాక్టును వైరుతో కలిపేయొచ్చు. అప్పుడు తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు నడుస్తది. గవర్నర్ పైన ఎవరికీ అందకుండా ఉంటది. తలుపును మాత్రం రోజూ వందల చేతులు లాగుతాయి, తంతాయి.

కాబట్టి మనం చేయాల్సినవి కొన్నే. తలుపు తెరుచుకోగానే ఫోన్ మీది నుంచి కళ్లు తీసి, డబ్బా నేల కనిపించాకే అడుగు పెట్టండి. మూసుకుంటున్న తలుపుకు కాలు అడ్డం పెట్టొద్దు. చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు. మధ్యలో ఆగిపోతే అలారం నొక్కి లోపలే ఉండండి. గాలి ఆడే సందులు ఉంటాయి, ఊపిరాడదన్న భయం వద్దు. తలుపు గుంజి దూకబోతే కింద ఖాళీ గుంతలోకి జారే ప్రమాదం ఉంది. డబ్బా లేకుండానే తలుపు తెరుచుకుంటే, లేదా తలుపు తెరిచి ఉండగా లిఫ్టు కదిలితే, దాన్ని వెంటనే బంద్ చేయించండి. టెక్నీషియన్ వచ్చేదాకా, మా నాయనమ్మ చెప్పినట్టు, మెట్లే నయం.