నాన్నకి కాల్ వచ్చింది

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో పెరిగిన డ్రైవర్ల, గార్డుల పిల్లలకి నాన్న ఇంట్లో ఉన్నాడో లేదో ఎవర్నీ అడగనక్కర్లేకపోయేది. గుమ్మం పక్కన లైన్ బాక్స్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే బండెక్కినట్టు. చేతిదీపం, ఎర్రజెండా, పచ్చజెండా, రూల్ పుస్తకం, ఓ జత బట్టలు, అన్నీ ఆ ఇనప్పెట్టెలోనే ఉండేవి. సెల్‌ఫోన్లు రాకముందు డ్యూటీ పిలుపు తెచ్చే కాల్ బాయ్ ఏ అర్ధరాత్రో సైకిలు మీద వచ్చి తలుపు కొట్టేవాడు. నిద్రకళ్ళతో నాన్న కాల్ బుక్కులో సంతకం పెట్టేలోపు అమ్మ స్టవ్ వెలిగించేది. తెల్లారి ఎవరైనా వచ్చి అడిగితే పిల్లలు చెప్పే జవాబొకటే: "లైన్ మీదకి వెళ్ళాడు." ఎప్పుడొస్తాడో అమ్మకీ తెలీదు.

తండ్రి సంపాదిస్తాడు, తల్లి పెంచుతుంది అని మనం అలవాటుగా అనేస్తాం. అది ప్రకృతి పెట్టిన ఏర్పాటు కాదనీ, డ్యూటీ చార్టు వేసేవాళ్ళూ సెలవు రూల్సు రాసేవాళ్ళూ పెట్టిందనీ నా నమ్మకం. దాన్ని చూడాలంటే రైల్వే ఊరికి మించిన చోటు లేదు.

తెలుగువాళ్ళు ఇక్కడికి రైలు దారినే వచ్చారు. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 1891 నాటికి నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ దాకా లైను వేసింది. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్రకి ఛత్తీస్‌గఢ్ దగ్గరైంది. 1955 నుంచి వాల్తేరు, బిలాస్‌పూర్ రెండూ సౌత్ ఈస్టర్న్ రైల్వే కిందే ఉండేవి. 2003 ఏప్రిల్ 1న బిలాస్‌పూర్ సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి కేంద్రమైంది, వాల్తేరు ఈస్ట్ కోస్ట్ రైల్వేలోకి వెళ్ళింది. ఈ వివరాల వెనక ఇళ్ళల్లో జరిగింది వేరే ఉంది. ఉద్యోగం దొరికినవాడు పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చేశాడు గానీ, అమ్మమ్మలూ నానమ్మలూ ఊళ్ళోనే ఉండిపోయారు. పురుడు, పథ్యం, చంటిపిల్లకి నీళ్ళుపోయడం, జ్వరమొస్తే రాత్రంతా మేలుకోవడం లాంటి పనుల్లో పదిమంది ఆడవాళ్ళు చెయ్యేసే చోటు నుంచి, ఒక్క మనిషే చేసుకోవాల్సిన రెండు గదుల క్వార్టర్లోకి ఆ తల్లులు వచ్చిపడ్డారు. తోడు కావలసిన ఆ రెండో మనిషి లైన్ మీద ఉన్నాడు.

రైలు నడిపేవాళ్ళ విశ్రాంతికి లెక్కలున్నాయి. ఎనిమిది గంటలు, ఆపైన డ్యూటీ చేసి హెడ్‌క్వార్టర్‌కి తిరిగొస్తే పదహారు గంటల రెస్టు, అంతకు తక్కువైతే పన్నెండు. ఇవికాక నెలకి ముప్ఫై గంటల రెస్టు నాలుగుసార్లు, లేదా ఇరవైరెండు గంటలది ఐదుసార్లు. రాయ్‌గఢ్‌కో శహడోల్‌కో వెళ్ళినవాణ్ణి 72 గంటల్లోపల ఇంటికి చేర్చాలి. అంటే మూడు రోజులు ఇల్లు వదిలి ఉండటం రూలు ఒప్పుకున్న సంగతే. పదహారు గంటల రెస్టు మీద ముప్ఫై గంటలు కలిపి మొత్తం 46 గంటలు ఇవ్వాలని లోకో పైలట్ల సంఘాలు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాయి.

ఆ పదహారు గంటలూ ఇంట్లో ఎలా గడుస్తాయో ఏ రూల్ పుస్తకంలోనూ ఉండదు. రాత్రంతా ఇంజన్లో కూర్చుని వచ్చిన మనిషి పగలు నిద్రపోవాలి. మే నెలలో బిలాస్‌పూర్ ఎండ సామాన్యం కాదు. ఆ ఎండలో కిటికీలకి దుప్పట్లు కట్టి, కుక్కర్ విజిల్ రాకుండా చూసుకుని, "నాన్న పడుకున్నాడు, బయటికెళ్ళి ఆడుకోండర్రా" అని పిల్లల్ని వేపచెట్టు కిందకి తోలేది అమ్మే. పాలవాణ్ణి గుమ్మంలోనే ఆపేది, ఊరి నుంచి వచ్చిన చెడ్డ కబురు కూడా అతను లేచి భోంచేసేదాకా దాచిపెట్టేది. నిద్ర చాలని డ్రైవరు ఎర్ర సిగ్నల్ దాటితే ఏమవుతుందో ఆ ఇళ్ళల్లో అందరికీ తెలుసు. రైల్వేకీ తెలుసు. అందుకే సిబ్బంది భార్యల్ని పిలిచి, మీవారికి నిద్ర చాలేలా చూడండి, ఇంటి గొడవలు చెవిన వెయ్యకండి అని నచ్చజెప్పే కుటుంబ సదస్సులు పెడుతుంది. బిలాస్‌పూర్ డివిజన్ దేశంలోకెల్లా ఎక్కువ సరుకు ఎత్తే డివిజన్లలో ఒకటి, కోర్బా బొగ్గు ఈ దారినే పోతుంది. ఆ బొగ్గు బళ్ళు క్షేమంగా నడవడంలో ఆ తల్లుల కాపలా కూడా ఉంది. దానికి జీతం లేదు, సర్వీసు రికార్డు లేదు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

అయితే అదే డ్యూటీ చార్టు ఇంకో పని కూడా చేసింది. మంగళవారం పొద్దున్న పదింటికి, మిగతా ఊళ్ళల్లో తండ్రులంతా ఆఫీసుల్లో ఉండే వేళకి, ఇక్కడ కొందరు తండ్రులు ఇంట్లో ఉండేవాళ్ళు. కూతురికి రెండు జడలు వేసి బడిలో దింపిన నాన్నలు, బుధవారీ బజారులో కూరలు తెచ్చి పప్పుచారు కాచిన నాన్నలు ఈ కాలనీల్లో కొత్తకాదు. వేరే ఊళ్ళో ఆగినప్పుడు రన్నింగ్ రూముల్లో వండుకోవడం అలవాటైన చేతులవి. అమ్మ పని, నాన్న పని అని గీసిన గీత, ఇంట్లో ఎవరున్నారు అన్న ప్రశ్న ముందు చెరిగిపోయేది. ఆ తండ్రుల గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు, వాళ్ళూ చెప్పుకోలేదు. చెప్పుకుని ఉంటే వాళ్ళ కొడుకులకి దారి ఇంకాస్త సులువయ్యేది.

తెలుగు విషయంలో మాత్రం నాన్నలు వెనకబడ్డారు. బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, షెడ్డులో హిందీ. నాన్న ఆ హిందీతోనే ఇంట్లోకొచ్చి పిల్లలతో అందులోనే మాట్లాడేవాడు. శ్రీకాకుళం యాసా, సామెతలూ, చుట్టాల వరసలూ పిల్లలకి అమ్మ నోటి నుంచే వచ్చాయి. ఎండాకాలం సెలవుల్లో పాసు మీద విశాఖ బండెక్కించి తాతగారింటికి తీసుకెళ్ళేది కూడా చాలా ఇళ్ళల్లో ఆవిడొక్కతే. నాన్నకి సెలవు దొరికేది కాదు. భాష నేర్పే బాధ్యతంతా ఒక్కరి మీద పడితే, ఆవిడ ఉద్యోగానికి వెళ్ళిన రోజున అది ఆగిపోతుంది. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఆగిపోతోంది కూడా.

చట్టం చాలాకాలం ఇంటి సంగతి పట్టించుకోలేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తండ్రినే మొదటి సహజ సంరక్షకుడిగా రాసింది, తల్లి స్థానం ఆయన తర్వాతే. కొడుకు పేరిట బాండ్లు కొనడానికి తన సంతకం చాలదంటే రచయిత్రి గీతా హరిహరన్ కోర్టుకెక్కారు. తండ్రి బతికే ఉన్నా, పిల్లల ఆలనాపాలనా చూడలేని స్థితిలో లేదా చూడకుండా ఉంటే తల్లే సంరక్షకురాలు కాగలదని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. మూడు రోజులు లైన్ మీద ఉండే భర్తల భార్యలు ఆ తీర్పుకి ముందే బడి ఫారాలు నింపారు, ఆసుపత్రిలో పిల్లల పక్కన కూర్చున్నారు.

సెలవుల లెక్క ఇప్పటికీ పాతదారిలోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని అయిన తల్లికి సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. మొదటి 365 రోజులకి పూర్తి జీతం, తర్వాతి 365 రోజులకి 80 శాతం. తండ్రికి బిడ్డ పుట్టినప్పుడు 15 రోజులు. 2018 నుంచి 730 రోజుల సెలవు మగవాళ్ళకీ ఇస్తున్నారు గానీ, పెళ్ళికానివాడో, భార్య పోయినవాడో, విడాకులైనవాడో అయితేనే. భార్య ఉన్న తండ్రికి పిల్లల్ని పెంచే పని ఉండదని ప్రభుత్వమే కాగితం మీద రాసిపెట్టిందన్నమాట. 2024 జాతీయ సమయ వినియోగ సర్వేలో 15–59 ఏళ్ళ ఆడవాళ్ళలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ళ సంరక్షణ చూస్తూ రోజుకి 140 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్ళలో 21.4 శాతం మందే ఆ పని చేస్తూ 74 నిమిషాలు వెచ్చించారు. రూలు ఎలా ఉందో రోజూ ఇంట్లో జరిగేదీ అలాగే ఉంది. స్వీడన్ 1974లోనే ప్రసూతి సెలవుని తల్లిదండ్రులిద్దరి సెలవుగా మార్చింది. 1995లో అందులో ఒక నెల తండ్రికి విడిగా కేటాయించి, అతను వాడుకోకపోతే పోయేలా చేసింది. ఇప్పుడది 90 రోజులు. అక్కడి మగవాళ్ళు మన మగవాళ్ళకన్నా మంచివాళ్ళేం కాదు, రూలు మారింది.

మళ్ళీ రైల్వేకొస్తే, సురేఖా యాదవ్ 1989లో అసిస్టెంట్ డ్రైవరుగా చేరినప్పుడు దేశంలో మరో మహిళ ఆ పనిలో లేదు. ఇప్పుడు బిలాస్‌పూర్‌లోనూ ఆడపిల్లలు ఇంజనెక్కుతున్నారు. అర్ధరాత్రి కాల్ అమ్మకి వస్తోంది, ఫోను మోగగానే లేచి డబ్బా సర్దాల్సింది నాన్న. కొన్ని ఇళ్ళల్లో ఇద్దరిదీ రన్నింగ్ డ్యూటీయే. ఇద్దరికీ ఒకే రాత్రి కాల్ వస్తే పిల్లని పక్కింటి ఆంటీ దగ్గర పడుకోబెట్టాలి. 46 గంటల విశ్రాంతి కోసం జెండాలు పట్టుకునే సంఘాలు తమ కోరికల పత్రంలో మరో రెండు చేర్చాలి. ఒకటి, ఒకే ఇంట్లో ఇద్దరికీ ఒకే రాత్రి కాల్ ఇవ్వకూడదన్న రాతపూర్వకమైన ఉత్తర్వు. రెండోది, భార్య ఉన్న తండ్రికి కూడా శిశు సంరక్షణ సెలవు, అందులో కొంత అతనే వాడుకునేలా.