ప్రవాసి అమ్మెడి ఫ్లాటు: సొమ్ము చేరుటయు, హక్కు మారుటయు

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో కొలువు చేసి, జీతమున మిగిల్చినదానికి బ్యాంకు ఋణము జోడించి ఫ్లాటు కొని, పిదప డల్లాసుకో న్యూజెర్సీకో తరలి అచ్చటనే స్థిరపడిన తెలుగువారు ఎందరో కలరు. తిరిగివచ్చు యోచన సన్నగిల్లిన కొలదియు, అద్దెకిచ్చిన ఆ ఫ్లాటును అమ్మివేయుదమన్న సంకల్పము బలపడును. అయితే అమెరికాలో ఇల్లు అమ్మిన అనుభవముతో ఇచ్చటి వ్యవహారమును ఊహించుకొనువారు తొలి అడుగుననే తికమకపడుదురు. ఏలయన అచ్చట పెక్కు రాష్ట్రములలో కొనుగోలుదారుని సొమ్మును ఎస్క్రో ఖాతాలో నిలిపి, హక్కును శోధించి, షరతులన్నియు తీరిన పిమ్మటనే చెల్లించు తటస్థ సంస్థ యొకటి ఉండును. ఇచ్చట పాత ఫ్లాటుల అమ్మకములో అట్టి మధ్యస్థుని ఆచారము లేదు.

మన దేశమున, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ననుసరించి, ఫ్లాటుపై హక్కు రిజిస్టరైన విక్రయ దస్తావేజు వలననే మారును. అడ్వాన్సు పుచ్చుకొని వ్రాసికొన్న అగ్రిమెంటు వలన మారదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వలనను మారదని 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసున సుప్రీంకోర్టు నిష్కర్షగా చెప్పినది. రాలేని యజమానికి బదులుగా తండ్రియో తమ్ముడో సంతకము చేయుటకు మాత్రము ఆ పత్రము అక్కరకు వచ్చును. దానిని భారత కాన్సులేటులో గాని, నోటరీ యెదుట సంతకము చేసి అపోస్టిల్ (అన్యదేశమున చెల్లుటకై ఇచ్చు ప్రభుత్వ ధ్రువీకరణ) పొంది గాని పంపవలెను. ఇచ్చటికి చేరిన మూడు నెలలలోగా స్టాంపు సుంకము కట్టవలెను.

ఇక రిజిస్ట్రేషను దినమున సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకు కొనుగోలుదారునికి ఋణమిచ్చు బ్యాంకు ప్రతినిధి డిమాండు డ్రాఫ్టు కవరుతో వచ్చి కూర్చుండును. ఇరుపక్షముల ఫోటోలు, వ్రేలిముద్రలు పూర్తియైన పిదపనే ఆ కవరు అమ్మకందారుని చేతికి వచ్చును. సొమ్మును, సంతకమును ఒకే పూట ఒకే చోట ఇచ్చిపుచ్చుకొనుటయే ఇచ్చట ఉభయులకు రక్ష. అమ్మకందారునికి పాతఋణ మున్నచో ముందది తీరవలెను. పూర్తిగా తీర్చిన 30 దినములలో బ్యాంకు అసలు దస్తావేజులు తిరిగి ఇయ్యవలెనని, ఆలస్యమునకు దినమునకు 5,000 రూపాయల పరిహారమని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించినది.

పెక్కుమంది చిక్కుపడునది పన్ను విషయమున. అమ్మువాడు ఇచ్చటి నివాసి యైనచో, 50 లక్షలు మొదలు పై వెలకు కొనుగోలుదారుడు ఒక శాతము మూలమున పన్ను కోత (టీడీఎస్) పట్టినచో చాలును. ప్రవాసి యైనచో ఈ పరిమితి లేదు, శాతమును వేరు. రెండేండ్లకు మించి ఉంచుకొన్న ఆస్తికి లాభముపై 12.5 శాతమును, దానిపై సర్‌చార్జి, సెస్సులను పట్టవలెను. 60 లక్షలకు కొన్న ఫ్లాటు కోటిన్నరకు అమ్ముడుపోయిన దనుకొందము. లాభము 90 లక్షలు, దానిపై 12.5 శాతము 11 లక్షల 25 వేలు. కాని లాభమెంతో ఆదాయపు పన్ను శాఖ తేల్చిన తక్కువ కోత ధ్రువపత్రము లేనిచో, జంకుచు కొనుగోలుదారుడు మొత్తము వెలపైననే, అనగా సర్‌చార్జి, సెస్సులు గాక 18 లక్షల 75 వేలు, పట్టుట పరిపాటి; ఆ అధికమును రిటర్ను దాఖలు చేసి వాపసు పొందువరకు అమ్మకందారుడు వేచియుండవలెను. ప్రవాసియని తెలియక ఒక శాతమే పట్టిన కొనుగోలుదారునిపై తక్కిన పన్నుకు, వడ్డీకి బాధ్యత పడును. ఇది నిరపరాధులను వేధించు చిక్కని నా దృఢాభిప్రాయము.

వచ్చిన వెల ప్రవాసులు ఇచ్చటి రాబడిని నిలుపుకొను ఎన్ఆర్‌వో ఖాతాలో జమపడును. పన్ను చెల్లించిన పిదప, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువపత్రముతో, ఏటా 10 లక్షల డాలర్ల వరకు విదేశమునకు పంపుకొనవచ్చును. దస్తావేజునకు ఎక్కని నగదు మాత్రము ఈ దారిన పోజాలదు. పైగా అమ్మకపు అడ్వాన్సు 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనుట చట్టవిరుద్ధము.

కావున ప్రవాస సోదరులారా, బేరము కుదిరి అగ్రిమెంటు వ్రాసికొన్న వెంటనే తక్కువ కోత ధ్రువపత్రమునకు దరఖాస్తు చేసికొనుడు. కొనువారలారా, అడ్వాన్సు ఇచ్చుటకు పూర్వమే అమ్మకందారుడు ఎచ్చట నివసించుచున్నాడో అడిగి, అగ్రిమెంటులో వ్రాయించుకొనుడు.